గాజు పెట్టెలో చోటు

“ఓ అవ్వా! పచ్చి మట్టి, ముట్టుకోకు!”

కసిల్డా అరిచేలోపే ఆ ముసలావిడ బొమ్మ ముక్కు ఊడబెరికేసింది.

పొద్దుటి బస్సు తప్పిపోయి, టికుల్ ఊరి కుమ్మరి వీధిలో నీడ వెతుక్కుంటూ వచ్చిన పరాయి మనిషి. పాపం అని పిలిచి మొక్కజొన్న అంబలి పోసినందుకు ఇదీ మర్యాద!

“నీది చప్పిడి ముక్కు కదే పిల్లా. ఇదేమో రాజుగారి ముక్కు.”

“మన మాయా జాతి పద్ధతిలో నా బొమ్మ నన్నే చేసుకు రమ్మన్నారు మ్యూజియం వాళ్ళు. మన పాతవాళ్ళ ముక్కులు ఇలాగే ఉండేవి మరి!”

“పద్ధతి వాళ్ళది తీసుకో. ముఖం నీది పెట్టు.”

“నా ముఖమా? ఉడికిన గుమ్మడికాయలా ఉంటుంది. జనం పారిపోతారు.”

“నేను పారిపోయానా?”

కసిల్డాకు నవ్వొచ్చింది. చాప జరిపి చోటిచ్చింది.

ఇద్దరూ కూచుని చేశారు. చెవులకు పెద్ద దుద్దులు, నడినెత్తిన జుట్టు ముడి, అవన్నీ పాతవాళ్ళవి. బుగ్గలూ పంటి సందూ కసిల్డావి.

“ఎందుకే ఇంత ఆరాటం?”

“పిల్లా జెల్లా లేరవ్వా. నేను పోయాక నా ముఖం ఎవరో ఒకరు చూడాలి కదా! కానీ మ్యూజియంలో గాజు పెట్టె పాత బొమ్మలతో నిండిపోయిందట. చోటుంటే పెడతాం, లేకపోతే లేదన్నారు.”

అవ్వ సాయంత్రం బస్సుకు లేస్తూ కసిల్డా చెంప నిమిరింది.

“కాల్చేటప్పుడు తొందరపడకు.”

పేరైనా అడగాలని కసిల్డాకు తోచలేదు. మనిషి ఎదురుగా ఉన్నప్పుడు మనకు ఏం తోచి చచ్చింది గనక!

బొమ్మ ఎండింది, కాలింది, పగలకుండా బయటికొచ్చింది. దాన్ని చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కసిల్డా పట్నం బస్సెక్కింది.

మ్యూజియం పెద్దాయన ఎదురొచ్చాడు.

“అదృష్టవంతురాలివమ్మా! పోయిన వారమే ఒక చోటు ఖాళీ అయింది.”

“ఎలా బాబూ?”

“వెయ్యేళ్ళ నాటి రాణి అనుకుని ముప్ఫై ఏళ్ళుగా ఒక బొమ్మను పెట్టుకున్నాం. ఊపితే గలగలమనేది. ఒక ముసలావిడ వచ్చి, ‘రాణీ లేదు గీణీ లేదు. వయసులో ఉన్నప్పుడు నేను చేసుకున్న నా ముఖమది. ఎవడో పాతదని మీకు అంటగట్టాడు. లోపల మోగేది నా రవిక ఇత్తడి గుండీ’ అంది. అడుగు చిల్లులోంచి దీపం పెట్టి చూస్తే నిజంగా గుండీయే!”

“మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

“నేనూ అదే అడిగాను. ‘ఇంతమంది నన్ను చూస్తున్నారని మురిసిపోతూ ఊరుకున్నాను. ఇక చాలు, టికుల్ నుంచి ఒక పిల్ల వస్తుంది, నా చోటు దానికివ్వండి’ అని, తన ముఖాన్ని శాలువలో చుట్టుకుని వెళ్ళిపోయింది.”