నీళ్లు మాఫీ

“నేను సంతకం పెట్టనన్నా. మా ఇంటామె ఒట్టు పెట్టించింది.”

సురేందర్ కాగితాన్ని నర్సయ్య మంచం మీద పడేశాడు. ఒమన్ దేశం, సహం ఊళ్లోని ఆ రూమ్‌లో ఎనిమిది మంది. నల్లాలో చుక్క రాక ఐదు రోజులు. కంపెనీ మీద లేబర్ ఆఫీసుకు ఇవ్వాల్సిన ఫిర్యాదు అది. అందరూ సంతకం పెడితేనే చెల్లుతుంది.

“నీళ్లు లేవని నీకు తెల్వదారా?”

“తెల్సు. గని నువ్వు టీవీల మాఫీ అడిగినవు గదా. ఇగ మనల్నెవడు నమ్ముతడు?”

“మాఫీ అంటే ఏందో గూడ తెల్వదా?”

“నాకు తెల్సన్నా. ఊరికి తెల్వదు.”

నీళ్ల కష్టం చెప్పుకుంటూ నర్సయ్య తీసి పెట్టిన వీడియోలో అన్నది ఒక్కటే. ‘నీళ్లు మాఫీ, తాగనీకె గూడ మాఫీ.’ అరబ్బుల దగ్గర పనిచేసీ చేసీ ‘లేదు’ అనడానికి అతని నోట అదే మాట వస్తుంది. టీవీ వాళ్లు ‘నీళ్లు’ అన్న మాట కోసేసి, ‘మాఫీ’ ఒక్కటీ మిగిల్చారు. వెనక ఏడుపు సంగీతం పెట్టారు. కింద పెద్ద అక్షరాలు: ‘అబద్ధం ఆడాను, క్షమించండి: గల్ఫ్ కార్మికుడు.’

ఫోన్ మోగింది. కమలవ్వ. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. భార్యకు ఏమని చెప్పుకోవాలో తెలియక నర్సయ్య ఎత్తలేదు. సురేందరే ఎత్తి స్పీకర్ పెట్టాడు.

“ఏమయ్యా, మాఫీ అడిగినవట? ఊరంత గదే ముచ్చట.”

“గది అరబ్బీ మాటనే. మాఫీ అంటే...”

“నాకు అరబ్బీ చెప్పకు. తానం చేసినవా?”

“ఐదు దినాలాయె.”

“మరి కాయిదం ఇచ్చినవా?”

“ఒక్కలు గూడ సంతకం పెడ్తలేరు.”

“పక్కకు ఎవలున్నరు?”

“నేనొదినే, సురేందర్‌ను.”

“నువ్వు తానం చేసినవా?”

“లేదొదినే.”

“నీ ఒంటి సంగతి నీకు టీవోళ్లు చెప్పాల్నా?”

సురేందర్ మెడ గోక్కున్నాడు. కాగితం తీసుకుని సంతకం పెట్టాడు. మిగతావాళ్లూ మంచాలు దిగి వచ్చారు.

“అది గాదొదినే, టీవీ చూసి ఊరంత నమ్మె. ఈ మాటకు అర్థం గూడ నీకు తెల్వకపాయె. మరి నువ్వెట్ల నమ్మలే?”

“ఇరవై ఆరేండ్ల సంసారంల నన్నే ఒక్కపారన్న మాఫీ అడగనోడు, టీవోళ్లను అడుగుతడా?”