నిలవని నూనె

"మళ్ళీ కారిపోయింది ముసల్దానా," అన్నాడు మూకాష్ షెడ్డులోంచి.

జూరాకన్ చేతులకంటిన పిండి దులుపుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. పాత ఇజ్ మోటార్ సైకిల్ ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టి ఉంచే ఫోర్కు కాళ్ళ నుంచి కారి నేలంతా నూనె మరక. ఆ బండికీ వాళ్ళ పెళ్ళికీ ఒకటే వయసు.

"అయ్యో, నిన్ననేగా పోశావు," అంది. ఆ అయ్యో తన చెవికే అతికీ అతకనట్టు వినిపించింది.

"ఫోర్కు రెండు కాళ్ళూ ఎండిపోయాయి. ఇలాగే వెళ్తే కనుమ మీద మొదటి గుంటకే భుజాలు ఊడొస్తాయి."

"అల్లుడు కారు పంపుతానన్నాడుగా."

"వియ్యంకుడి ముందు కార్లోంచి మూటలా దిగమంటావా?"

వచ్చిన చిక్కంతా ఆ వియ్యంకుడితోనే. వసంతంలో జరిగిన విందులో ఇసాబెక్ మాంసం నములుతూ, "బావగారికి ఇక బండెందుకు, గాడిద చాలు," అన్నాడు. మూకాష్ ఊరుకుంటేగా. "మనవడి తొలి అడుగుల వేడుకకి ఆ బండి మీదే కనుమ దాటొస్తాను," అనేశాడు. పెద్దలు అరచేతులు చాచి దీవించి, ముఖాలు తడుముకున్నారు. దీవెన పడ్డాక మాట వెనక్కి తీసుకున్నవాడు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో లేడు. వేడుక రేపే.

నిరుడు చలికాలం ముందు ఆ కనుమ మలుపులోనే బండి పడింది. ఆవు అడ్డొచ్చిందని మూకాష్ ఊరంతా చెప్పుకున్నాడు. ఆవూ లేదు, దూడా లేదు. వెనక సీటు మీద ఉన్నది జూరాకనే. దారి మలుపు తిరిగింది, బండి తిరగలేదు. ఆయనకు మలుపు కనపడలేదు. దుమ్ములోంచి లేచి ఆయన ఆవును తిడుతుంటే ఆమె కూడా గొంతు కలిపి తిట్టింది. అప్పుడు తిట్టిన ఆవును ఇప్పుడు లేదని ఎలా అంటుంది?

అందుకే ఆయన నూనె పోసినప్పుడల్లా, ఆయన కన్నుగప్పి ఫోర్కు ఎడమ కాలి అడుగు బోల్టును అర చుట్టు వదులు చేస్తోంది. తను ముట్టని కుడి కాలు కూడా కారుతుంటే మొదట్లో ఆశ్చర్యపోయింది. పాత బండి కదా, దేవుడు కూడా ఓ చెయ్యి వేశాడులే అనుకుంది.

మధ్యాహ్నం కోచ్కోర్ బజారు నుంచి మెకానిక్ షాబ్దాన్ వచ్చాడు. అతనికి మూకాష్ అన్న వరస.

"ఏం వదినా, అన్న కాళ్ళు నిలవట్లేదట," అన్నాడు కన్ను గీటి.

"నీ నోట్లో మన్ను పొయ్య. టీ తాగి పని చూడు."

షాబ్దాన్ ఫోర్కు విప్పాడు. నూనెను ఆపే రబ్బరు ఆయిల్ సీళ్ళు వేళ్ళతో నొక్కి చూసి నొసలు ముడిచాడు.

"ఇవి బాగానే ఉన్నాయే. కారే పనే లేదు."

జూరాకన్ నిండుగా ఉన్న గిన్నెలోనే మళ్ళీ టీ పోసింది.

"పాతవిరా. పైకలాగే ఉంటాయి. మార్చెయ్," అన్నాడు మూకాష్ గబుక్కున. బతికాను అనుకుందామె.

షాబ్దాన్ కొత్త సీళ్ళు వేశాడు. అడుగు బోల్టులు రెండూ పళ్ళు బిగపట్టి బిగించాడు. గొర్రెలకు మందు పట్టే సిరంజితో కొలిచి రెండు కాళ్ళలోనూ నూనె పోశాడు. హ్యాండిల్ మీద బరువంతా వేసి బండిని కిందికీ పైకీ ఊపాడు. గాలి బుడగలు పోయాక ముందు భాగం మెత్తగా దిగి మెత్తగా లేచింది.

"ఇక కారితే మీసం తీయించుకుంటా."

"కారిందే అనుకో?" అంది జూరాకన్.

"గుర్రం కుంటితే మగాడి మాట కుంటినట్టు కాదుగా వదినా. అప్పుడు కారెక్కినా నవ్వేవాడుండడు. కానీ కారదు."

మూకాష్ ట్యాంకు తుడుస్తూ ఉండిపోయాడు.

షాబ్దాన్ వెళ్ళాక మూకాష్ షెడ్డులోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. చాలాసేపటికి చేతులు కడుక్కుని వచ్చాడు.

"రాయిలా ఉంది. తెల్లారగానే బయల్దేరతా," అన్నాడు. రొట్టె తుంచాడు గానీ నోట పెట్టలేదు.

"కాస్త తిను."

"ఆకలి లేదు. గొర్రెల్ని తోలుకొస్తా."

ఆయన పెరటి గేటు దాటాడు. జూరాకన్ కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. నూనెలో వేసిన పిండి వంటలు మాడిపోయాయి. ఈసారి బోల్టు వదులు చేస్తే తప్పకుండా దొరికిపోతుంది. కొత్త సీళ్ళు కారాయంటే ఎవరు నమ్ముతారు? దొరికితే ఆయన జన్మలో క్షమించడు. చెయ్యకపోతే ఆయన క్షమించడానికైనా మిగలడు. తిట్లు తినడమే నయం అనుకుంది.

పానా కొంగు చాటున పెట్టుకుని షెడ్డులోకి పరుగున వెళ్ళింది. లైటు వెయ్యడానికి ధైర్యం చాలలేదు. ముందు చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమ కాలి అడుగున వేళ్ళతో తడిమింది.

బోల్టు అప్పటికే వదులు చేసి ఉంది.