బుగ్గమ్మ ఇటలీ చదువు

బర్రె ముందు కుడితి బకెట్టు పెట్టి బుగ్గమ్మ "బేవి... బేవి..." అంటోంది.

బాల్‌రాజ్ పటేల్ వేపపుల్ల ఉమ్మేసి పకపకా నవ్వాడు. తాండూరులో నాపరాళ్ల గనులున్న ఆసామి. ఆయన నవ్వితే పక్కనున్నవాళ్లూ నవ్వాలి. బుగ్గమ్మ నవ్వలేదు.

"గదేం మంత్రమే?"

"ఇటలీ మాట, పటేలా. తాగు అని. మాంజా అంటే తిను. జిరాతి అంటే పక్కకు తిరుగు. దోర్మి అంటే పండుకో."

"అన్నీ బర్లకు చెప్పే మాటలే! గొర్లు కాసేటోళ్ల ఇంట్ల ఇటలీ చదువా?"

మరి నవ్వు రాదూ? అక్షరం ముక్క రాని మనిషి. మొగుడు పోయాక ఈ కొట్టంలో పేడ తీసే పనే ఆమెకు కూడు పెడుతోంది. అలాంటిది ఆదివారం వస్తే చాలు, రైలెక్కి వికారాబాద్ పోతోంది. అక్కడ సిస్టరమ్మల దవాఖానకు వచ్చే ఫాదర్ దగ్గర క్రియలు నేర్చుకుంటోందట. పేర్లు వద్దట, లెక్కలు వద్దట, పనికొచ్చే క్రియలు చాలట. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతానంటే ఇదే!

"ఎవలతోని మాట్లాడుతవే? నీకు తెల్సిన ఇటలీ మనిషి లూచియా సిస్టరమ్మ ఒక్కతే. ఆమెకు నీకన్న, నాకన్న మంచిగొస్తది తెలుగు!"

అది మాత్రం నిజం. ఏళ్ల తరబడి ఇక్కడే పాతుకుపోయిన మనిషి. పటేల్ భార్యకు కాన్పు కష్టమైనప్పుడు "ఏంది బాల్‌రాజ్, గింత ఆల్శం జేస్తివి!" అని ఆయన్నే దులిపేసింది. ఆ రాత్రి తల్లినీ పిల్లనూ దక్కించింది కూడా ఆమే.

"గది గాదు పటేలా, సిస్టరమ్మకు..."

"నోర్ముయ్! నాకెర్క లేదా? ఆమె దేశం పోయేటప్పుడు ఎంబడి ఓడెక్కాల్నని నీ ఎత్తు. గీ ఆదివారం పోతివా, మల్ల నా కొట్టంల కాలు పెట్టకు!"

కూటికి గతి లేకపోయినా బుగ్గమ్మ ఆదివారం పోయింది.

పటేల్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. తర్వాతి బండికే వికారాబాద్‌లో దిగాడు. ఆ సిస్టరమ్మ చేతే నాలుగు చీవాట్లు పెట్టిస్తే తప్ప దీని పొగరు దిగదు.

దవాఖాన వెనక ఉన్న సిస్టరమ్మ గది తలుపు తోసుకుని లోపలికి పోయాడు. బుగ్గమ్మ మంచం పక్కన నీళ్ల గ్లాసు పట్టుకుని ఉంది.

"సూడుండ్రి సిస్టరమ్మా! గీమెకు ఇటలీ మాటలు గావాల్నంట! మన తెలుగుల మీరే జర బుద్ధి చెప్పుండ్రి!"

మంచం మీది ముసలామె, కొత్తవాణ్ణి చూసినట్టు ఆయన వంక చూసింది.

బుగ్గమ్మ ఆమె తల కాస్త పైకెత్తి, గ్లాసు పెదాలకు ఆనించి, "బేవి" అంది. ఆమె తాగింది.

"పక్షవాతం కొట్టినకాంచి సిస్టరమ్మకు తన ఇటలీ మాటలు తప్ప ఒక్క తెలుగు ముక్క సుత సమజైతలేదు, పటేలా."