గేటుకు నచ్చని నునుపు

ఇప్పుడు మిల్లు గేటు మనిషి ముఖం చూడదు. చేతి గడియారపు ఉక్కు కేసు మీది గీతలు చూసి లోపలికి వదులుతుంది. యాకమ్మ గడియారం కేసు పగిలితే వెల్డర్ శంషాద్ లేజర్‌తో అతికించి, అద్దంలా మెరుగుపెట్టింది. గేటు పొమ్మంది. యాకమ్మ మళ్లీ శంషాద్ దగ్గరికే ఉరికింది.

"నున్నగ జేసి నా నౌకరి తీస్తివి గదనే అక్కా! ఇంకో పావుగంటల షిఫ్టు షురువైతది."

"మొత్తుకోకు. పాత గీతలు యాదికున్నయా?"

"ఎందుకుండయ్? గిది రోలుకు తాకింది. గిది బస్సు తలుపుది. గిది మా ఆయనను కొట్టినప్పటిది."

"గట్లయితే లోతుగనే గీస్త!"

నవ్వులో శంషాద్ చెయ్యి వణికి ఆఖరి గీత వంకరపోయింది. గేటు ఆ వంకరను మేనేజరు గడియారం మీది గీత అనుకుని తెరుచుకుని, "రండి, మేనేజరు గారూ!" అంది.

యాకమ్మ నేరుగా మేనేజరు కుర్చీలో కూర్చుని మొదటి ఆర్డరేసింది:

"ఆ గేటు పీకి పారెయ్యుండ్రి!"

నలభై మంది కార్మికులు గునపాలతో పరుగెత్తారు.