గాలి పోయినా ఆగని టైర్లు

"కొత్త టైర్లు కొనియ్యకపోతే ఈ అరిగిపోయిన వాటితోనే పోతా నాయనా. పందెం మాత్రం మానేది లేదు!"

టైర్ల షాపు నడిమధ్య నిలబడి అరిచినాడు చక్రధర్. రేణిగుంట రోడ్డులో పోయేవాళ్ళు కూడా తలలు తిప్పి చూసినారు.

"పో! పోయి చావు!" అని అంతకు రెండింతలు లేచినాడు మునిరత్నం. "శ్రీకాళహస్తి నుంచి తడదాకా ఆ రోడ్డంతా లారీలేరా. నూట అరవైలో పోతాడంట, మొనగాడు!"

"నూట అరవై కాదు, రెండు నూర్లు."

"నోర్ముయ్!"

శెనిక్కాయల మండీలో నాయన గొంతు వింటే హమాలీలు మూటలు కింద పెట్టేస్తారు. చక్రధర్‌కు మాత్రం పాతికేళ్ళుగా వినీ వినీ చెవులు మొద్దుబారిపోయినాయి. ఈసారి తగ్గేదే లేదనుకున్నాడు. వేరుశెనగ మూటలు మోసుకునేవాళ్ళకు ఎర్ర స్పోర్ట్స్ కారెందుకురా, ఎద్దులబండి చాలదా అని ఆ ధనంజయగాడు నలుగురిలో నవ్వినాడు. ఆదివారం పొద్దున వాడి కారును దాటి తడ చేరకపోతే తిరుపతిలో తలెత్తుకుని తిరగలేడు. అయితే టైర్లు చూస్తే లోపలి దారాలు బయటపడినాయి. కొత్తవి కొందామంటే చెక్కు మీద సంతకం నాయనది. ఖర్మ కాకపోతే ఇంకేంది!

షాపు ఓనరు సుబ్రమణ్యం ఇద్దరి మధ్యా దూరి, రెండు టైర్లు దొర్లించుకొచ్చినాడు.

"అరుపులెందుకప్పా, ముందు సరుకు చూడండి. ఇది మామూలు టైరు. మెత్తగా ఉంటాది, మలుపుల్లో రోడ్డును గట్టిగా పట్టుకుంటాది. ఇదేమో రన్‌ఫ్లాట్. దీని పక్కలు బలే గట్టి. పంచరై గాలంతా పోయినా బండి ఆగదు. ఇంకో ఎనభై కిలోమీటర్లు పోవచ్చు."

"మామూలువే వెయ్యి," అన్నాడు చక్రధర్. "రన్‌ఫ్లాట్ అంటే బరువు. గుంతలో పడితే నడుములు విరుగుతాయి."

మునిరత్నం చొక్కా జేబులోంచి మూటలు కుట్టే దబ్బనం తీసి రన్‌ఫ్లాట్ టైరును పొడిచి చూసినాడు.

"అన్నా, అన్నా! అది శెనిక్కాయల మూట కాదన్నా!" సుబ్రమణ్యం లబలబలాడినాడు.

"సరుకు చూడకుండా నేను రూపాయి తియ్యను," అని గుర్రుమన్నాడు మునిరత్నం. "గాలి పోయినాక ఇది ఎంత స్పీడులో పోతాది?"

"ఎనభై. అంతకుమించి పోనే పోదన్నా. చక్రంలో గాలి లేదని తెలిస్తే ఈ కారులో ఉండే కంప్యూటరే ఇంజన్ను పట్టేస్తాది. యాక్సిలరేటరు ఎంత తొక్కినా ఎనభై దాటదు."

"ఇంకోటి కూడా చెప్పు మా నాయనకు," అని చక్రధర్ అందుకున్నాడు. "పంచరైతే దానికి ఈడ ఎవురూ అతుకు వెయ్యరు. మళ్ళీ చెన్నై నుంచి కొత్తది రావాల. పది దినాలు పడతాది. అట్లాంటి దరిద్రం మనకెందుకు?"

మునిరత్నం దబ్బనం జేబులో పెట్టుకుని కొడుకును ఎగాదిగా చూసినాడు.

"రన్‌ఫ్లాట్లే వెయ్యి సుబ్రమణ్యం. నాలుగూ."

"నాయనా!"

"నడిరోడ్డులో పంచరైతే దిగి లారీ కింద పడతావా? ఇవైతే ఇంటికన్నా వస్తావు. పందేనికి పో. నేను అడ్డం రాను. టైర్లు మాత్రం నేను చెప్పినవే. కాదంటే చెప్పు, చెక్కు చించేసి పోతా."

చక్రధర్ నోరు తెరిచినాడు. పందేనికి పోమని చెప్పింది తన నాయనేనా!

"ఆదివారం పొద్దున తాళాలు దాచిపెడితే?"

"దాచను."

"అమ్మతో ఏడిపిస్తే?"

"నేను మాటిస్తే తప్పినానారా ఎప్పుడైనా? నువ్వే ఉండావు, తప్పేదానికి!"

అదీ నిజమే. అప్పులోడికైనా, శత్రువుకైనా ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు. టైర్లు బరువైతే ఏమిలే, ధనంజయగాడి డొక్కు కారుకు ఇవే ఎక్కువ అనుకుని చక్రధర్ సరేనన్నాడు. సరేనన్నా కోపం చల్లారలేదు. అద్దాల తలుపు ధడాల్న వేసి, రోడ్డు దాటి ఎదురుగా ఉండే టీ అంగడికి పోయినాడు.

టైర్లు మార్చేదాకా టీల మీద టీలు తాగతా సెల్లులో ధనంజయను పిలిచినాడు. "ఆదివారం రారా, నీ సంగతి చూస్తా! రెండు నూర్లు చూపిస్తా నీకు!"

ఫోను పెట్టేసినాక నాయన ముఖం గుర్తుకొచ్చింది. ఇంటికన్నా వస్తావు అనేటప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగినట్టుండాయి. ఛీ, ముసలోడితో అన్నన్ని మాటలు అనకుండా ఉండాల్సింది. పోయి ఒక మంచిమాట చెబుదాం అనుకుంటా షాపుకు తిరిగొచ్చినాడు.

నాలుగు కొత్త టైర్లతో ఎర్రకారు నిగనిగలాడతా ఉండాది. దాని పక్కన సుబ్రమణ్యం తల పట్టుకుని నిలబడినాడు. ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, చెమటలు కక్కుతా ఉండాడు మునిరత్నం. చేతిలో దబ్బనం రెండుగా వంగిపోయుండాది.

"ఇది దిగేటట్టు లేదు సుబ్రమణ్యం, ఒక మంచి మేకు, సుత్తీ ఇయ్యప్పా తొందరగా! వాడు టీ తాగొచ్చేలోపల దీని గాలి పోవాల. పందేనికి పోనీ, నా కొడుకు ఎనభైలోనే పోయొస్తాడు!"