చివరి బోటు మీద మనిషి

"కదలకు తాతా. ఒక్క నిమిషం."

వరహాలు కదల్లేదు. ఆ మాటకొస్తే వారం రోజులుగా రోజూ పొద్దున్నే వచ్చి, చెప్పిన చోట గుంజలా నిలబడుతూనే ఉన్నాడు.

వేట నిషేధం రోజులు. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ జెట్టీ పొడుగునా వరసగా కట్టేసి ఉన్నాయి. మొదటి బోటు నుంచి చివరి బోటు దాకా ఎక్కడా మసక లేకుండా ఒక్క ఫోటో కావాలి నాగశ్రీకి. ఎవరిదో ఆఫీసు గోడకట.

ఆమె మద్దిలపాలెంలో ఒక స్టూడియోలో పనిచేస్తుంది. ఓనరు శ్రీరామ్మూర్తి ఈ ఫోటో కోసమే మెడ వంగే లెన్సు కొన్నాడు. టిల్ట్-షిఫ్ట్ అంటారు దాన్ని.

"ఆదివారంలోగా నీకు పట్టుబడకపోతే చెప్పమ్మా. లెన్సు అమ్మేసి వేరేవాణ్ణి పెట్టుకుంటాను" అని కూడా అన్నాడు.

దూరపుదాన్ని రింగు తిప్పి ఫోకస్‌లో పట్టాలి. దగ్గరిదాన్ని నాబ్ తిప్పి, లెన్సు మెడ పక్కకు వంచి పట్టాలి. ఇది దొరికేసరికి అది జారిపోతుంది. దాన్ని పట్టుకుంటే ఇది పోతుంది. నాగశ్రీకి రోజూ ఏడుపొక్కటే తక్కువ.

దగ్గర గురికి ఒక మనిషి కావాలి. మొదటి రోజు జెట్టీ మీద ఊరికే కూర్చున్న ఈ ముసలాయన్ని పిలిచింది. దూరపు గురి సరే, చివరి బోటు మీద ఎర్ర తువ్వాలు మనిషి ఒకడు రోజూ రంగులేసుకుంటూనే ఉన్నాడు.

"నాను నిలబడితే నీకేటి తెలుస్తాదమ్మా?" అన్నాడు వరహాలు.

"నువ్వూ, ఆ చివరి బోటు మీద మనిషీ ఒకేసారి స్పష్టంగా కనిపిస్తే నాకు పని వచ్చినట్టు."

వరహాలు అటు తిరిగి చాలాసేపు చూశాడు.

"నాకంత దూరం కళ్ళు ఆనవు" అన్నాడు. "రోజూ వత్తాన్లే."

టీ ఇప్పిస్తానంటే వద్దన్నాడు.

మూడో రోజు అడిగాడు.

"ఆడు కనబడతన్నాడేటి?"

"కనబడుతున్నాడు. ఇప్పుడు నువ్వే మసక."

"నా సంగతి పోనీ. ఆడేటి సేత్తన్నాడు?"

"రంగేస్తున్నాడు."

"సన్నబడ్డాడా?"

"ముందెలా ఉండేవాడో నాకేం తెలుసు తాతా? మాట్లాడితే తల కదులుతుంది. ఊరుకో."

ముసలాళ్ళు ఊసుపోక ఏవో అడుగుతూనే ఉంటారనుకుంది. ఒకరోజు ఎండలో ఉన్నాడా నీడలో ఉన్నాడా అంటాడు. ఇంకోరోజు అన్నం తెచ్చుకున్నాడా అంటాడు. నాబ్ మీద ధ్యాసతో ఆమె సగం ప్రశ్నలకు జవాబే చెప్పలేదు.

శనివారం పొద్దున కుదిరింది. వరహాలు గడ్డం మీద తెల్ల వెంట్రుకలు కనిపించాయి. అక్కడ ఎర్ర తువ్వాలు గళ్ళూ కనిపించాయి.

"వచ్చేసింది తాతా."

"ఇద్దరమూనా?"

"ఇద్దరూ."

"ఒక్క ఫోటోలోనే?"

"ఒక్కదాంట్లోనే. ఇదిగో చూడు."

కెమెరా తెర చూపించబోతే తల అడ్డంగా ఊపాడు.

"ఆ బుల్లిదాంట్లో నాకేటి కనబడతాది? కాయితం మీద ఒకటి ఇయ్యమ్మా. ఇంకేటీ వద్దు."

"సోమవారం తెస్తాలే."

ఆదివారం అసలు ఫోటో. వరహాలు ఉతికిన చొక్కా వేసుకొచ్చి తన చోట నిలబడ్డాడు.

"ఇవాళ పక్కకు జరగాలి తాతా. ఇది అసలుది."

"నాను ఉండకూడదా?"

"బోట్లే ఉండాలి."

"ఆడు ఉంటాడా?"

"అంత దూరంలో పరవాలేదు, ఉంటాడు."

"అయితే సర్లే" అని జరిగాడు.

ఫోటో అద్దంలా వచ్చింది. శ్రీరామ్మూర్తి మెచ్చుకున్నాడు. అలవాటు ప్రకారం అసలుదాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, కెమెరా కార్డు మొత్తం చెరిపేసింది నాగశ్రీ. గురి చూసుకోవడానికి తీసినవాటిని ఎవరు దాచుకుంటారు?

సోమవారం గాజువాకలో పెళ్ళి. మంగళవారం ఇంకోటి. తాత మాట మరిచేపోయింది.

మూడు వారాల తర్వాత స్టూడియో గుమ్మంలో గుండు చేయించుకున్న మనిషి నిలబడ్డాడు.

"జెట్టీ కాడ మా నాన్నని నిలబెట్టి ఫోటోలు తీసింది నువ్వేనామ్మా? వరహాలని."

ఆ గుండు చూశాక అడగాల్సిన పని లేదు. అయినా అడిగింది.

"ఎప్పుడు?"

"పది రోజులైంది. రేపు పెద్దకర్మ. దండెయ్యడానికి ఫోటో లేదమ్మా. ఆధార్ కార్డు మీద మొకమే తెలీట్లేదు. నీకాడ ఉంటాదని హార్బర్‌లో సెప్పారు."

నాగశ్రీ కంప్యూటరంతా వెతికింది. కార్డులన్నీ తీసి చూసింది. ఆ కార్డు మీద అప్పటికే మూడు పెళ్ళిళ్ళు తీసేశారు.

"లేవు" అంది. "అవి... ఫోకస్ కోసం తీసినవి."

"పోన్లేమ్మా."

వెళ్ళబోతూ, శ్రీరామ్మూర్తి ఇంకో కాపీ వేయించి స్టూడియో గోడకు పెట్టిన బోట్ల ఫోటో చూసి ఆగాడు. మొదటి బోటు పక్కన జెట్టీ ఖాళీగా ఉంది. ఆ చివర, గళ్ళతో సహా, ఎర్ర తువ్వాలు.

అతను వేలు పెట్టి చూపించాడు.

"ఇది నానేనమ్మా."

నాగశ్రీ అతని ముఖం వంక చూసింది.

"ఎనిమిదేళ్ళ కింద నాతో ఏటకొచ్చి, మా తమ్ముడు ఈ బోటు మీంచే సముద్రంలో పడి సచ్చిపోయాడు. ఆ రోజు కాడ్నుంచి పోయేదాకా, మా నాన్న ఒక్కసారన్నా నా మొకం సూళ్ళేదమ్మా."