పొదుగు కోడి

బాలరాజు అరచేతిలో రెండు గుడ్లున్నాయి. ఒకటి తిమ్మమ్మ కోడిది, ఇంకొకటి వాడ చివర ఉండే రూతమ్మ కోడిది.

రూతమ్మ కోడి పెట్టిన తెల్ల గుడ్డు పక్కన తిమ్మమ్మ కోడి గుడ్డు పిట్ట గుడ్డులా ఉంది.

"నువ్వే సూడు వదినె. నేనేమన్న అంటే తప్పయితది," అన్నాడు బాలరాజు తిమ్మమ్మతో.

పెద్దమందడి చుట్టుపక్కల గుడ్లు కొని, సైకిల్‌కు రెండు గంపలు కట్టుకుని తీసుకెళ్లి, వనపర్తి రోడ్డు స్టేషన్‌లో రైలుకెక్కించడం అతని పని. లడాయి మొదలయ్యాక పట్నంలో సిపాయిల పల్టన్‌కు ఎన్ని గుడ్లు పంపినా చాలడం లేదు.

పదేళ్లుగా అతని సైకిల్ మొదట ఆగేది తిమ్మమ్మ వాకిట్లోనే. వాడలో ఎవరింటికి చుట్టాలొచ్చినా కోడి కోసం ఆమె దగ్గరికే వచ్చేవారు. తిమ్మమ్మ చెయ్యి మంచిదనేవారు.

మిషన్ బంగ్లా దొరసాని రూతమ్మకు ఒక తెల్ల పుంజును, నాలుగు తెల్ల పెట్టలను ఇచ్చిన నాటి నుంచి ఆ మాట ఎవరూ అనలేదు.

గుడ్లు చూపించిన మరుసటి వారం బాలరాజు సైకిల్ గంట కొట్టుకుంటూ తిమ్మమ్మ వాకిలి దాటి పోయింది.

వాడ చివరి నుంచి రూతమ్మ నవ్వు వినబడింది. తిమ్మమ్మ గింజలు చల్లడం ఆపి, ఆ నవ్వు అయిపోయేదాకా నిలబడింది.

రూతమ్మ చెడ్డది కాదు. తిమ్మమ్మకు అదే మరీ కష్టంగా ఉండేది.

ఒక పూట తిమ్మమ్మ మొగుడు కురుమూర్తి రెండు తెల్ల గుడ్లు పట్టుకొచ్చాడు. "రూతమ్మ పిలిచి ఇచ్చింది. ఉడకబెట్టు."

ఆమె ఉడకబెట్టింది. రెండూ అతనికే పెట్టింది.

"నువ్వు తినవా?"

"నాకు సయించదు."

"మస్తుగున్నయి," అన్నాడు కురుమూర్తి నోటినిండా పెట్టుకుని.

కొన్నాళ్లకు రూతమ్మే వచ్చింది. "వదినె, నా కోళ్లు గుడ్లు పెడ్తయి గానీ పొదుగుకు కూసోవు. ఆ జాతే అంతనంట. నీ పొదుగు కోడి ఒకటియ్యరాదు? పిల్లలైతే సగం నీకే."

"నాదొక్కటి గూడ పొదుగుకు రాలే," అంది తిమ్మమ్మ.

ఆమె వెనక గంప కింద పొదుగుకొచ్చిన పెట్ట గుర్రుమంటూనే ఉంది. రూతమ్మకు వినబడింది. గంప వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది.

ఎండలు ముదిరాక ఒక పొద్దున తిమ్మమ్మ గంప ఎత్తితే రెండు కోళ్లు లేవలేదు. నేలంతా పచ్చగా పారి ఉంది. మూడోది మెడ వంకర తిప్పుకుని ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది.

కొక్కెర.

ఆ రోగాన్ని తిమ్మమ్మ పెళ్లయిన కొత్తలో ఒకసారి చూసింది. ఆ ఏడు రెట్ట తొక్కిన కోడికల్లా తగిలి, వాడలో ఒక్క పుంజు కూడా కూయలేదు.

చచ్చినవాటిని దొడ్లో గొయ్యి తీసి పాతింది. ఎవరికీ చెప్పలేదు.

నల్ల పెట్ట ఒకటి రెక్కలు వాల్చి, కళ్లు మూసి, మూలన ముడుచుకుని ఉంది. తెలియనివాళ్లు చూస్తే పొదుగుకు కూర్చుందనుకుంటారు.

అప్పుడే సైకిల్ గంట మోగింది. వాకిట్లో ఆగలేదు.

తిమ్మమ్మ ఆ పెట్టను కొంగు చాటున పెట్టుకుని వాడ చివరకు నడిచింది.

"ఇగో, పొదుగుకొచ్చింది. తీస్కో."

రూతమ్మ ముందు నమ్మలేదు. ఆ తర్వాత పసిబిడ్డను అందుకున్నట్టు అందుకుంది.

"నా మీద కోపమున్నదేమో అనుకున్న వదినె."

"కోపమెందుకు?"

"లోపటికి రా. జర అంబలి తాగి పో."

"పనున్నది."

తెల్ల కోళ్లు తిమ్మమ్మ కాళ్ల చుట్టూ తిరుగుతున్నాయి. ఎర్రటి తురాయిలు, పాలలాంటి రెక్కలు. ఆమె ఒక్కొక్కదాన్నీ చూసి వెనుదిరిగింది.

పది రోజులు తిరిగేసరికి వాడలో ఏ గంప కిందా చప్పుడు లేదు.

"తెల్లోళ్ల కోళ్లు తెల్లోళ్ల రోగం తెచ్చినయి," అన్నారు అందరూ.

బావి దగ్గర రూతమ్మ కడవ పక్కన ఎవరూ కడవ పెట్టలేదు. తిమ్మమ్మ కూడా అక్కడే ఉంది. "నాయి గూడ పోయినయి," అని మాత్రం అంది. అందులో అబద్ధం లేదు.

ఆ మధ్యాహ్నం రూతమ్మ చంకలో ఒక తెల్ల పెట్టతో వచ్చి, వాకిలి బయటే ఆగిపోయింది.

"నా మొకం సూడబుద్ధి గాదు నీకు. తెల్సు. నువ్వు మంచి మనసుతోని కోడినిస్తివి. మూడొద్దులు గూడ బత్కలే. నా కోళ్ల కాన్నుంచే దానికి తగిలింది. నీ ఇంటి కోళ్లను గూడ నేనే పోగొడ్తి."

తిమ్మమ్మ నోరు తెరిచింది. రూతమ్మే మళ్లీ అందుకుంది.

"గిదొక్కటి మిగిలింది. గుడిసె మీదికెక్కి కిందికి దిగలే. అందుకే బత్కిందేమో. నీ కోడికి బదులు ఉంచుకో వదినె. ఈడ మాకు ఎవ్వరు పని చెప్తలేరు. ఎల్లుండి రాయచూరు దిక్కు పోతున్నం."

"రూతమ్మా..."

"ఏంది వదినె?"

పొద్దున పడిపోయిన తన ఆఖరి కోడి రెట్ట వాకిట్లో ఇంకా పచ్చిగానే ఉంది.

"దీనికేం బెడ్తవు?" అని అడిగింది తిమ్మమ్మ.

"జొన్న నూకలు. చేతిల పెడ్తె తింటది."

తిమ్మమ్మ చేతులు చాపింది. కోడి వెచ్చగా, మెత్తగా, ఆమె అనుకున్నదానికంటే తెల్లగా ఉంది.

"కింద ఇడువు. ఏడికి పోదు," అని చెప్పి రూతమ్మ వెళ్లిపోయింది.

పొద్దుగూకేదాకా తిమ్మమ్మ దాన్ని కింద దించలేదు.